అధ్యక్షులవారి ఆకాశావతరణం

"తెలుగువారి చరిత్రలో ఇంతవరకూ నాయకులందరూ వేదిక మీదికి మెట్లెక్కే వచ్చారు. ఈ దుస్థితికి ఈ ఏడాదితో స్వస్తి!"

మధ్య జెర్సీ తెలుగు మహా సమాఖ్య అధ్యక్షులు రాజగోపాల్ గారు ఈ చారిత్రక ప్రకటన ఐసెలిన్‌లో, ఓక్‌ట్రీ రోడ్డు మీద, పరంధామయ్య చీరల కొట్టులో చేశారు. హాలు దొరక్క కాదు. కొట్టున్న ప్లాజా ఆయనది. సొంత ప్లాజా ఉండగా బయట హాలు తీసుకోవడం ఆయన సిద్ధాంతాలకు విరుద్ధం. చీరలు చూసుకుంటున్న ఆడవాళ్లు ఏదో డిస్కౌంటు ప్రకటించారనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వీడియోలో పడ్డాయి. దాంతో ప్రెస్ మీట్ విజయవంతమైంది.

"మరి వేదిక మీదికి ఎలా వస్తారు సర్?" అని సమాఖ్య కార్యదర్శి నీరజ్ అడిగాడు. ఆ ప్రశ్న రాసిందీ అతనే, దాని జవాబు రాసిందీ అతనే.

"ఆకాశం నుంచి! బెలూన్‌లో పైకి, పారాచూట్‌తో కిందికి. మన వార్షికోత్సవం నాడు, ఇండియా నుంచి వచ్చే మంత్రిగారి సమక్షంలో, తెలుగువారంతా తలలెత్తి చూస్తుండగా!"

పరంధామయ్య గల్లాపెట్టె వెనక నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. కారణముంది. కొట్టు లీజు ఆఖరికొచ్చింది. పక్కనున్న బిర్యానీ హోటలువాళ్లు, మధ్యగోడ తీసేస్తే ఎన్ని టేబుళ్లు పడతాయోనని ఈమధ్యే టేపు పెట్టి కొలుచుకుపోయారు. లీజు పొడిగించమని అడిగినప్పుడల్లా రాజగోపాల్ గారు "ఫెస్టివల్ కానీ, చూద్దాం" అంటున్నారు.

పరంధామయ్య మనుషుల్ని మూడు రకాలుగా లెక్కగడతాడు. కొనేవాళ్లు ఒక రకం. చూసిపోయేవాళ్లు ఇంకో రకం. మూడో రకంవాళ్లు బీరువాలోవన్నీ దింపించి, మడతలన్నీ విప్పించి, కాఫీ తాగి, "మా ఆవిణ్ణి తీసుకొస్తా" అని వెళ్లిపోతారు. మొదటి రకంతో కొట్టు నడుస్తుంది. రెండో రకంతో పొద్దు గడుస్తుంది. మూడో రకంవాళ్లు అధ్యక్షులవుతారు.

అసలు బెలూన్ దేనికి అని ఎవరూ అడగలేదు గానీ, అడిగి ఉంటే చెప్పడానికి రాజగోపాల్ గారి దగ్గర చరిత్ర ఉంది. అడక్కపోయినా చెప్పారు. అమెరికా గాలిలో మొట్టమొదట బెలూన్ మీద ప్రయాణం చేసినవాడు బ్లాన్‌షార్ అనే ఫ్రెంచివాడు. పదిహేడువందల తొంభైమూడులో ఫిలడెల్ఫియా జైలు ఆవరణలోంచి లేచి, నది దాటి, న్యూజెర్సీ పొలాల్లో దిగాడు. ఇంగ్లీషు ముక్క రాదు. కానీ జేబులో సాక్షాత్తూ ప్రెసిడెంట్ వాషింగ్టన్ ఇచ్చిన ఉత్తరం ఉంది. ఈ మనిషిని ఎవరూ అడ్డగించొద్దు, చేతనైన సాయం చేయండి అని.

"ఏమిటది? వీసా!" అని రాజగోపాల్ గారు గల్లాపెట్టె మీద గుద్దారు. "ఇంగ్లీష్ రాదు. చేతిలో ఒక పేపర్. దిగింది న్యూజెర్సీ. ఇది ఎవరి స్టోరీ? మన స్టోరీ! ఆ మహానుభావుడు మన మూలపురుషుడు!"

"ఫ్రెంచాయన కదా సర్..." అన్నాడు నీరజ్.

"యానాం ఎవరిదయ్యా?"

"అప్పట్లో ఫ్రెంచివాళ్లదే సర్."

"మాది యానాం అవతలి ఒడ్డు. మధ్యలో గోదావరి. ఇంక తేడా ఏముంది?"

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో బ్లాన్‌షార్ యానాం అల్లుడయ్యాడు. మర్నాటికి, ఆయన మావాడంటే మావాడని రెండు కులసంఘాలు కొట్లాటకు దిగాయి.

ఈ ఉత్సాహం దేనికంటే, వార్షికోత్సవం నాడే సమాఖ్య ఎన్నిక. రాజగోపాల్ గారికి పోటీగా రిటైరైన గుండె డాక్టరు భానుమతి గారు నిలబడ్డారు. ఆమె ఎన్నికల ప్రణాళిక ఒక్కటే వాక్యం: "మీటింగుల్లో ఇతరులను కూడా మాట్లాడనివ్వాలి." ఆమె మైకు పట్టుకున్న ప్రతిసారీ రాజగోపాల్ గారు "ఒక్క నిమిషం మేడమ్" అని తీసుకుంటారు. ఆ నిమిషం తిరిగి ఇచ్చిన దాఖలా లేదు.

మర్నాడు అధ్యక్షులవారు మళ్లీ కొట్టుకొచ్చి, "పరంధామయ్యా, నీకొక చారిత్రక అవకాశం" అన్నారు.

పరంధామయ్య గల్లాపెట్టెకి తాళం వేశాడు. ఇంతకుముందు వచ్చిన చారిత్రక అవకాశంలో కొట్టులో శాలువాలన్నీ పోయాయి.

"ఆ రోజుల్లో బెలూన్లూ పారాచూట్లూ సిల్క్‌తో కుట్టారు. సిల్క్ అంటే ఎవరు? మనం! గద్వాల, ధర్మవరం, ఉప్పాడ, పోచంపల్లి! నా పారాచూట్ అచ్చంగా పట్టుచీరలతో ఉండాలి. జరీ ధగధగలాడుతుంటే నేను దిగాలి."

"జరీ బరువు సర్."

"బరువుంటేనే కదయ్యా కిందికి దిగేది?"

పరంధామయ్య తర్కం జోలికి పోలేదు. "ప్రెసిడెంటు గారూ, ఆ లీజు సంగతి..." అన్నాడు.

"దిగంగానే మొదటి సంతకం నీదే. ప్రామిస్!"

పరంధామయ్య లోపల లెక్క వేశాడు. అడుగు బీరువాలో కొన్ని పట్టుచీరలున్నాయి. చాక్లెట్ రంగుకి నిమ్మపండు అంచు. ఎవరి పొరపాటో, ఏ మగ్గం మీద పుట్టాయో. పెళ్లిళ్ల సీజన్లు ఎన్నో వచ్చి వెళ్లాయి గానీ అవి కదల్లేదు. అంత ఎత్తున ఉంటే రంగు ఎవరు చూడొచ్చారు? అక్కడక్కడ మంచివి నాలుగు కలిపితే చాలు.

భార్య ఉమ ఆ చీరలు దింపుతూ అంది: "ఏమండీ, వీటిని కట్టుకునే ధైర్యమే ఇన్నాళ్లూ ఎవరికీ లేకపోయింది. వీటితో దూకుతాడా ఆయన?"

"దూకితే లీజు."

"దూకాక సంతకం పెట్టడానికి చేయి మిగలాలి కదండీ!"

పారాచూట్ ఉపసంఘం కొట్టు వెనక గదిలో సమావేశమైంది. చీరల కొంగులన్నీ పైకి వచ్చి నడినెత్తిన ఒకచోట కలుస్తాయి. ఆ నడినెత్తిన ఏ ఊరి చీర ఉండాలనేది ప్రశ్న.

"ఎప్పుడు జూసినా మీదే పైన ఉండాల్నా? ఈసారి గద్వాల పెట్టుండ్రి. లేకుంటే మేం పోతున్నం."

"ధర్మవరం లేకుండా పెండ్లే కాదు, ఇంక పారాచూట్ ఎట్లయితాది?"

"ఉప్పాడ తేలికండీ. గాల్లోకి వెళ్లేదానికి తేలికదే పెట్టాలి, ఇది సైన్సు."

"సైన్సు మీ అయ్య సొమ్మా?"

బెలూన్ సొంతదారు, పైలట్ కెల్లీ అనే అమెరికన్ ఆవిడ, కొలతల కోసం వచ్చి ఓ మూల కూర్చుని సమోసా తింటోంది. గొడవ ఏమిటని అడిగింది. నీరజ్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ సమోసా దించి, అసలు నడినెత్తిన బట్టే ఉండకూడదు, చిల్లు ఉండాలి అంది. ఫ్రాన్సులో మొదటిసారి బెలూన్‌లోంచి పారాచూట్‌తో దిగినవాడు, పైన చిల్లు పెట్టుకోక, గాలి పోయే దారి లేక, గంటలా అటూ ఇటూ ఊగిపోతూ దిగాడట.

గదిలో అందరూ లెక్క చూసుకున్నారు. నడినెత్తిన ఎవరి చీరా ఉండదు. చిల్లు ఉంటుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సమాఖ్య చరిత్రలో మొదటి ఏకగ్రీవ తీర్మానం ఆ విధంగా ఒక చిల్లు మీద జరిగింది.

కుట్టడం పూర్తయ్యాక కెల్లీ దాన్ని ముట్టుకుని చూసి, "ఎంత అందంగా ఉందో! దీంతో నా బుట్టలోంచి ఏ మనిషీ దూకడు" అంది. బెలూన్ కూడా తాళ్లతో నేలకి కట్టే ఉంటుందట. పదంతస్తుల మేడంత ఎత్తు, అంతే.

రాజగోపాల్ గారు తీవ్రమైన నిరాశకు గురైనట్టు తల పట్టుకున్నారు. పరంధామయ్య వ్యాపారస్తుడు. బేరం తెగనందుకు లోపల్లోపల సంతోషించే ముఖం ఎలా ఉంటుందో తెలుసు.

"కానీ అనౌన్స్ చేసేశాం కదా సర్," అన్నాడు నీరజ్. "హిస్టరీలో కూడా ముందు మనుషుల్ని పంపలేదు. ఫస్ట్ బెలూన్ ఫ్లైట్ ఫ్రాన్స్ రాజుగారి ముందు చేసినప్పుడు ఒక గొర్రెనీ, బాతునీ, కోడిపుంజునీ పంపారు."

ఈ మాట ఎలా బయటికి పొక్కిందో గానీ, కార్యవర్గంలో మూడు కొత్త పోస్టులు వచ్చాయని ప్రచారమైంది. సహాయ కార్యదర్శి ఫోన్ చేసి, "సర్, నాకు బాతు ఇస్తున్నారని విన్నా. సీనియారిటీ ప్రకారం గొర్రె నాది" అని గొంతు పెంచాడు. కోశాధికారి ఏకంగా కోడిపుంజుగా విజిటింగ్ కార్డు డిజైన్ పంపాడు.

కెల్లీ జంతువులకీ ఒప్పుకోలేదు, కార్యవర్గానికీ ఒప్పుకోలేదు. "బియ్యం బస్తా అయితే నాకు అభ్యంతరం లేదు" అంది.

రాజగోపాల్ గారు, నీరజ్, పరంధామయ్య ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఉమ ఇంట్లోంచి సోనా మసూరి ఇచ్చింది. పెద్ద బస్తా మొండెం, చిన్న సంచీ తల. దానికి అధ్యక్షులవారి నల్లకోటు తొడిగారు. పాతకాలపు విమానాలవాళ్లలా తోలుటోపీ, కళ్లకి పెద్ద అద్దాలు, మూతికి మఫ్లర్, చేతులకి బియ్యం కూరిన గ్లవ్స్. నీరజ్ రెండడుగులు వెనక్కి వేసి చూసి, "అంకుల్, సర్ కన్నా బాగుంది" అన్నాడు. పొట్ట దగ్గర కోటు గుండీ ఒక్కటీ మార్చాల్సిన అవసరం రాలేదు.

పథకం సులువైనది. రాజగోపాల్ గారు బుట్టలో కూర్చుని దాక్కుంటారు. బస్తా దిగుతుంది. బెలూన్‌ని దించగానే ఆయన వెనక దారిన గేటులోంచి వచ్చి బస్తా స్థానంలో నిలబడతారు. ముందు జాగ్రత్తగా ఆయన తన లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కూడా రాసుకున్నారు. "ఈ లేఖ తెచ్చినవారిని ఎవరూ అడ్డగించరాదు. ఇట్లు, రాజగోపాల్, అధ్యక్షుడు." వాషింగ్టన్ గారి సంప్రదాయం.

"బస్తా నువ్వే తోయాలి," అన్నారు పరంధామయ్యతో. "నీకు లీజు ఉంది కాబట్టి నోరుండదు."

వార్షికోత్సవం నాడు ఊరవతల ఫెయిర్ గ్రౌండ్స్‌లో కార్లు పెట్టడానికి చోటు లేదు. ఒక పక్క పెద్ద టెంటు, అందులో వేదిక. మైదానం మధ్యలో ఎర్రటి బెలూన్, దాని కింద బుట్ట. యాంకరమ్మ అలవాటు ప్రకారం, "పెద్దలందరూ వచ్చి బుట్టను అలంకరించవలసిందిగా కోరుతున్నాం" అంది. పిలవడం ఆలస్యం, మాజీ అధ్యక్షులూ, ప్రాంతీయ సమన్వయకర్తలూ, స్పాన్సర్లూ ఎక్కేశారు. బుట్ట మూలిగింది. కెల్లీ అరిచింది. ఎక్కినవాళ్లని ఊరికే దింపడం మర్యాద కాదు కనుక ఒక్కొక్కరికీ శాలువా కప్పి దింపారు. దిగినవాళ్లలో ఇద్దరు మళ్లీ వరసలో నిలబడ్డారు.

చివరికి బుట్టలో కెల్లీ, పరంధామయ్య, అడుగున గోనెపట్టా కింద అధ్యక్షులవారు, అంచున కోటు వేసుకుని బియ్యం బస్తా మిగిలారు. మంట బుస్సుమంది. నేల తనంతట తనే కిందికి వెళ్లిపోయింది.

పరంధామయ్య తనకి భయం వేస్తుందనుకున్నాడు గానీ నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. కొట్టు పెట్టినప్పటి నుంచీ మొదటిసారి, కింద నిలబడ్డవాళ్లలో కొనేవాడెవడో, చూసిపోయేవాడెవడో విడదీయలేకపోయాడు. అందరూ ఒకే సైజు, పప్పుబద్దలంత. మంత్రిగారు కూడా బద్దే. బిర్యానీ హోటలు ఓనరు అయితే సగం బద్ద.

బస్తా చేయి పట్టుకుని గాల్లో ఊపాడు. "రాజగోపాల్ నాయకత్వం వర్ధిల్లాలి!" అని మైదానం మైదానమంతా హోరెత్తింది. రెండో చేయి కూడా ఊపాడు. ఇంకా హోరెత్తింది.

"ఎంత ఎత్తొచ్చాం?" అని గోనెపట్టా కింది నుంచి సన్నటి గొంతు.

ఏ సరుకుకైనా ధర పలికే ఘడియ ఒకటి ఉంటుంది. అది దాటితే పలకదు. పరంధామయ్య జేబులోంచి లీజు కాగితాలు, పెన్ను తీశాడు. "ప్రెసిడెంటు గారూ, చిన్న సంతకం."

"ఇక్కడా? నా రెండు చేతులూ బుట్టని పట్టుకుని ఉన్నాయయ్యా!"

"ఒక్క చేయి చాలండీ."

"ఆ ఒక్క చేతి మీదే బతికున్నాను! కిందికెళ్లాక. అమ్మతోడు. ముందు నన్ను తోసెయ్!"

"మిమ్మల్నా?"

"అదే, దాన్ని!"

పరంధామయ్య తోశాడు.

బుట్ట పక్కన వేలాడుతున్న చీరల గొడుగు ఒక్కసారిగా విచ్చుకుంది. గద్వాల పక్కన ధర్మవరం, దాని పక్కన ఉప్పాడ, వాటన్నిటి మధ్యా ఇన్నేళ్లూ అడుగు బీరువాలో కుళ్లిన ఆ చాక్లెట్ రంగు. ఎండ తగిలి అది ముదురు తేనెలా మెరిసింది. నిమ్మపండు అంచు నిప్పులా వెలిగింది. నడినెత్తిన చిల్లులోంచి గాలి బుద్ధిగా పోతోంది. ఎవరూ కట్టుకోని చీరలు, లోపల ఎవరూ లేని మనిషిని పట్టుకుని, ఊగకుండా, తొణక్కుండా, పల్లకీలా దిగుతున్నాయి. పరంధామయ్య తనకి తెలియకుండానే గట్టిగా ఈల వేశాడు. తను ఈల వేయగలడని తనకే అంతవరకూ తెలియదు.

బరువు తగ్గిన బెలూన్ పైకి ఎగిరి, తాళ్లు బిగుసుకుని ఆగింది. అధ్యక్షులవారు ఆంజనేయ దండకం మొదలుపెట్టారు.

జనం తమకి అడ్డంగా కట్టిన తాళ్లు తెంపుకుని మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు. సరిగ్గా బెలూన్ కింద నిలబడి సెల్ఫీలు తీసుకోసాగారు. వాళ్లు కదిలేదాకా దించేది లేదని కెల్లీ చేతులు కట్టుకుంది. ఈలోపు కిందికి దిగిన అధ్యక్షులవారిని భుజాల మీద టెంటులోకి మోసుకుపోయారు. లోపల ఏం జరుగుతోందో పైనున్నవాళ్లకి కనపడదు. మైకు మాత్రం బ్రహ్మాండంగా వినపడుతోంది.

"గగనవీరుడు రాజగోపాల్ గారు మాటలు రాని భావోద్వేగంలో ఉన్నారు! వారిని కుర్చీలో కూర్చోబెట్టవలసిందిగా..."

"అయిపోయాం," అన్నాడు పరంధామయ్య.

"మంత్రిగారు ఇప్పుడు గజమాలతో సత్కరిస్తారు!"

మంత్రిగారి గొంతు ఖంగుమంది. "రాజగోపాల్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు! ఇప్పుడే చెయ్యి పట్టుకున్నా. అదే గట్టిదనం! ఇలాంటి నాయకుడు ఉండడం మీ ఆస్ట్రేలియా తెలుగువారి అదృష్టం!"

చప్పట్లు. ఈలలు. రాజగోపాల్ గారు గోనెపట్టా తొలగించి తల బయటికి పెట్టారు. భయం పోయి ముఖంలోకి ఏదో కాంతి వచ్చింది.

"పోయినేడు కన్నా చప్పట్లు ఎక్కువ వస్తున్నాయి కదూ?"

బెలూన్ దిగేసరికి భోజనాల వేళయింది. ఇద్దరూ చెట్ల వెనక నుంచి నడుచుకుంటూ టెంటు గేటు దగ్గరికి వచ్చారు. గేటు దగ్గర వలంటీరు శ్రీవిద్య నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మాయి. సెక్యూరిటీ అంటే సెక్యూరిటీయే. పరంధామయ్య చేతికి ఎంట్రీ పట్టీ ఉంది. అధ్యక్షులవారి చేతికి లేదు. ఆయనకి ఎప్పుడూ అవసరం పడలేదు.

"బ్యాండ్ లేకపోతే లోపలికి పంపించలేనండీ అంకుల్."

"అమ్మాయ్, నేనెవరో తెలుసా? రాజగోపాల్‌ని!"

"రాజగోపాల్ గారు ఇందాకే పైనుంచి దిగారండీ. నా కళ్లతో చూశా. స్టేజ్ మీద ఉన్నారు."

ఆయన ఉత్తరం తీసి ఇచ్చారు. ఆమె శ్రద్ధగా చదివింది.

"సంతకం సర్‌దే. కానీ ఈ లెటర్ సర్ మీకు ఇచ్చారని నాకెలా తెలుస్తుంది? సర్‌నే అడుగుదామంటే పాపం ఎమోషనల్‌గా ఉన్నారట."

"నేనేనమ్మా ఆ సర్‌ని!"

"అంకుల్, ప్లీజ్. వెనక లైన్ ఉంది."

ఇంగ్లీషు ముక్క రానివాడిని, ఎవరో తెలియనివాడిని, ఒక్క ఉత్తరం చూసి సాదరంగా రానిచ్చిన న్యూజెర్సీ అది. రాజగోపాల్ గారు చొక్కా చేతులు పైకి మడుచుకుని, తన సొంత వార్షికోత్సవం బయట, పోర్టబుల్ టాయిలెట్ల పక్కన నిలబడ్డారు.

"పరంధామయ్యా, నువ్వు వెళ్లి నీరజ్‌కి చెప్పు. నేను ఇక్కడున్నానని అందరికీ చెప్పు!"

పరంధామయ్య కదల్లేదు. కాగితాలు తీశాడు.

రాజగోపాల్ గారు పక్కనున్న కారు బానెట్ మీద పెట్టి, చదవకుండా, అన్ని పేజీల్లోనూ సంతకం చేశారు. ఒకచోట రెండుసార్లు చేశారు. పరంధామయ్య సిరా ఆరేదాకా ఊది, మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. బేరం బేరమే. చెప్పడానికి టెంటులోకి బయల్దేరాడు.

వేదిక మీద అధ్యక్షులవారు దండల్లో మునిగి ఉన్నారు. దిగేటప్పుడు ఎక్కడో గీసుకుని బస్తాకి చిరుగు పడినట్టుంది. కోటు కిందినుంచి బియ్యం సన్నగా ధారకట్టి కారుతోంది. ముందు వరసలోని ఆడవాళ్లు వచ్చి, వంగి, ఆ గింజలు ఏరి పిల్లల తలల మీద వేస్తున్నారు. "ఆకాశం నుంచి తెచ్చిన అక్షింతలమ్మా, కొంచెం కొంగులో కట్టుకో." గింజలు కారేకొద్దీ అధ్యక్షులవారు కుర్చీలో ఒరిగిపోతున్నారు.

"ఎంత వినయమో చూడండి!" అంది యాంకరమ్మ. "వినయంతో వంగిపోతున్నారు!"

భానుమతి గారు మైకు ముందు ఉన్నారు. అప్పటికి చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నారట. "నేను ఇంతసేపు మాట్లాడాను. రాజగోపాల్ గారు ఒక్కసారి అడ్డు రాలేదు. మైకు లాక్కోలేదు. పూర్తిగా విన్నారు. ఇలాంటి నాయకుడు దొరికినప్పుడు పోటీ దేనికి? నేను విత్‌డ్రా చేసుకుంటున్నాను!"

టెంటు దద్దరిల్లింది. ఎన్నిక ఏకగ్రీవం. బిర్యానీ హోటలు ఓనరు పరిగెత్తుకొచ్చి మరో దండ వేశాడు. ఆ బరువుకి టోపీ, అద్దాలు, మఫ్లర్ అన్నీ కలిసి కాలర్ లోపలికి దిగిపోయాయి. పరంధామయ్య వేదికెక్కేసరికి కుర్చీలో దండలున్నాయి, శాలువా ఉంది, నల్లకోటు ఉంది. దాని లోపల ఏమీ లేదు.

మైకు వదిలి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న భానుమతి గారి చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "డాక్టరుగారూ, ఒక్కసారి చూడండి. కోటులో మనిషి లేడు."

ఆమె కళ్లజోడు సవరించుకుని, ఎన్ని వేల గుండెలు చూసిన అనుభవంతోనో, కాలర్ లోపలికి తొంగి చూశారు.

"ఈ పదవిలో అది నార్మలేనండీ పరంధామయ్య గారూ," అన్నారు మెల్లగా.

నీరజ్ వచ్చి పరంధామయ్య భుజం మీద చేయి వేశాడు. "అంకుల్, డిస్టర్బ్ చేయకండి. మన హిస్టరీలో ఫస్ట్ టైమ్ ప్రోగ్రాం టైముకి నడుస్తోంది."

పరంధామయ్య గేటు దగ్గరికి తిరిగొచ్చాడు.

"చెప్పావా?" అన్నారు రాజగోపాల్ గారు.

"చెప్పానండీ."

"ఏమన్నారు?"

"మీరు మళ్లీ గెలిచారు. ఏకగ్రీవం. అందరి మాటా బాగా విన్నారట. మీ అంత గొప్ప నాయకుడు లేడంటున్నారు."

రాజగోపాల్ గారు టెంటు వైపు కాసేపు చూశారు. లోపల ఎవరో జయజయధ్వానాలు చేస్తున్నారు. ఆయన చొక్కా సర్దుకున్నారు.

"ఫోటోల్లో బాగా పడ్డానా?"

సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి పరంధామయ్య ఇంకా ఈల వేస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ ఆడవాళ్లు ఆ చాక్లెట్ రంగు చీర కోసం ఎగబడ్డారు. 'ప్రెసిడెంట్ పట్టు' కావాలని ఫిలడెల్ఫియా నుంచి కూడా ఫోన్లొచ్చాయి. అడుగు బీరువాలో మిగిలినవన్నీ ఖాళీ. పారాచూట్ కూడా విప్పి బ్లౌజ్ పీసులు కోద్దామా అని ఉమ ఆలోచిస్తోంది. మధ్యలో లీజు కాగితాలు అందుకుని చూసింది.

"ఏమండీ, ఈ సంతకం ఎప్పుడు పెట్టాడాయన?"

"గేటు దగ్గర. మీటింగ్ జరుగుతుండగా."

"మీటింగ్ జరుగుతుండగా ఆయన స్టేజ్ మీద కదా ఉన్నది? ఊరంతా చూసింది. వీడియోలున్నాయి. బిర్యానీ అతను స్వయంగా దండ వేశాడు. రేపు కోర్టుకెక్కి, ఆ టైముకి ఆయన నా కళ్లెదుటే కుర్చీలో ఉన్నాడంటే మనమేం చెప్తాం?"

పరంధామయ్య ఈల ఆగిపోయింది. కాగితం వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. అవతల బిర్యానీ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. లెక్క ఒకసారి పైనుంచి కిందికీ, ఒకసారి కిందినుంచి పైకీ వేసి చూసుకున్నాడు.

"ఆ కోటు ఎక్కడుంది?"

"నీరజ్ పట్టుకెళ్లాడు. ఇస్త్రీ చేయించాలట. రేపు మేయరుతో లంచ్ ఉందిట."

పరంధామయ్య కాగితాలు జాగ్రత్తగా మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు.

"అయితే ఎల్లుండికి అపాయింట్‌మెంట్ అడుగు," అన్నాడు.